ఎవరిని చంపుతుందో తనకే తెలియని ఆయుధం

2025 నవంబరులో వచ్చిన ఒక వార్త మన ఇళ్ళలో చాలామంది తల్లిదండ్రులను కలవరపెట్టింది. హైదరాబాదులో ఉంటున్న ఒక యువ వైద్యుణ్ణి గుజరాత్ ఉగ్రవాద నిరోధక దళం అరెస్టు చేసింది. ఆముదం గింజల్లో ఉండే రైసిన్ అనే విషాన్ని తయారుచేసి జనం మీద ప్రయోగించాలని చూశాడనీ, ఐసిస్ ఖొరాసాన్ శాఖకు చెందిన విదేశీ వ్యక్తితో సంబంధాలు పెట్టుకున్నాడనీ పోలీసుల ఆరోపణ. ఆ తర్వాత కొద్ది రోజులకే ఢిల్లీ ఎర్రకోట దగ్గర కారు పేలింది. అందులోనూ వైద్యుల పేర్లే వినిపించాయి.

ఇలాంటి వార్త విన్నప్పుడు విశ్వాసికి రెండు బాధ్యతలున్నాయి. మొదటిది, తొందరపడకపోవడం. ఎవరైనా ఏదైనా సమాచారం తెస్తే విచారించి తెలుసుకోవాలనీ, లేకపోతే తెలియక ఒక జాతికి నష్టం కలిగించి తర్వాత పశ్చాత్తాప పడవలసి వస్తుందనీ దివ్య ఖుర్ఆన్ హెచ్చరించింది (అల్ హుజురాత్: 6). 2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలినప్పుడు ఎందరో ముస్లిం యువకులను పట్టుకుపోయారు. తర్వాత వారు నిర్దోషులుగా బయటికి వచ్చారు. కాబట్టి ఆ వైద్యుడు దోషి అవునో కాదో తేల్చవలసింది న్యాయస్థానమే. మేము ఇక్కడ అతని పేరు కూడా రాయడం లేదు.

రెండవ బాధ్యత, కళ్ళు మూసుకోకపోవడం. ఈ ఒక్క కేసు సంగతి ఎలా ఉన్నా, ఇస్లాం పేరు చెప్పుకుని విషవాయువులు, విషక్రిములు, అణ్వాయుధాల కోసం ఆరాటపడ్డ ముఠాలు ఉన్నాయన్నది నిజం. వాటిని సమర్థిస్తూ ఫత్వా రాసినవారు ఉన్నారన్నదీ నిజం. ఆ రాతలు ఇప్పుడు ఫోను ద్వారా మన పిల్లల గదుల్లోకి వస్తున్నాయి. వాటికి జవాబు మన దగ్గర ఉండాలి. 'ఇది ఇస్లాం కాదు' అని ఒక్క మాట అనేసి లేచిపోతే పిల్లవాడికి తృప్తి కలగదు. ఎందుకు కాదో దలీలుతో చెప్పాలి. అంతకంటే ముందు, కొన్ని ముఠాలు ఇలాంటి ఆయుధాల కోసం ఎందుకు వెంపర్లాడతాయో, మరికొన్ని చేతిలో తుపాకీ ఉన్నా వీటి జోలికి ఎందుకు పోవో తెలుసుకోవాలి.

ఈ ఆయుధాల ప్రత్యేకత ఏమిటి?

అణుబాంబు, విషవాయువు, రోగాలు పుట్టించే క్రిములు, వీటన్నింటినీ కలిపి సామూహిక వినాశక ఆయుధాలు అంటారు. క్రిములను ఆయుధాలుగా వాడరాదన్న అంతర్జాతీయ ఒప్పందం 1975లోనూ, రసాయనిక ఆయుధాలను నిషేధించే ఒప్పందం 1997లోనూ అమలులోకి వచ్చాయి. మన దేశం రెండింటిలోనూ ఉంది. ఈ ఆయుధాల మీద 2005లో మన పార్లమెంటు ప్రత్యేక చట్టం కూడా చేసింది.

కత్తి పట్టినవాడు ఎదుటివాడి ముఖం చూస్తాడు. తుపాకీ పట్టినవాడు గురి చూస్తాడు. వాడు దుర్మార్గుడైతే అమాయకుడినే గురి చూడవచ్చు, అది వేరే సంగతి. కానీ గాలిలో వదిలిన విషానికి గురి లేదు. అది సైనికుడి ముక్కులోకీ పోతుంది, అతని పక్కన నిలబడ్డ పసిపాప ముక్కులోకీ పోతుంది. నమాజుకు వెళ్ళేవాడినీ, గుడికి వెళ్ళేవాడినీ, ఆసుపత్రి మంచంమీది ముసలమ్మనూ అది వేరు చేయలేదు. వదిలినవాడికి కూడా తాను ఎవరిని చంపుతున్నాడో తెలియదు. మన చర్చ అంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది. దయచేసి గుర్తుంచుకోండి.

ఈ సందర్భంలో ఆముదం గురించి కూడా ఒక మాట. ఆముదం మన తెలంగాణ మెట్ట పొలాల పంట. మన పెద్దలు తలకు రాసుకున్నదీ, పసిపిల్లలకు పట్టించినదీ ఆ నూనే. గింజలోని విషం నూనెలోకి రాదు. కాబట్టి వార్త చూసి ఇంట్లో ఆముదం సీసాను చూసి భయపడనవసరం లేదు. అల్లాహ్ మేలు కోసం మొలిపించిన మొక్కలో కూడా కీడును వెతికే మనసు గురించే మనం భయపడాలి.

ములుగు అడవులు చెప్పే పాఠం

మేముండే ములుగు ఒకప్పుడు వరంగల్ జిల్లాలో భాగం, 2019 నుంచి ప్రత్యేక జిల్లా. ఏటూరునాగారం, తాడ్వాయి, వాజేడు, వెంకటాపురం అడవులు దశాబ్దాలపాటు నక్సలైట్ల పోరాటాన్ని చూశాయి. 1980లో ఏర్పడ్డ పీపుల్స్‌వార్, 2004లో దాని విలీనంతో ఏర్పడ్డ మావోయిస్టు పార్టీ, ఈ అడవుల్లో తుపాకీ వాడాయి, మందుపాతర వాడాయి. ఎంతోమందిని చంపాయి. కానీ విషవాయువు జోలికి పోలేదు.

దీనికి కారణం వారి దయాగుణం అని మేము అనడం లేదు. వారు బతికింది గూడేల మధ్య. అన్నం పెట్టింది గూడెం. కబురు తెచ్చింది గూడెం. తాగింది ఆ వాగు నీరే. వాగులో విషం కలిస్తే ముందు పోయేది తమ మనుషులే. జనం లేకపోతే తాము లేమని వారికి తెలుసు. ప్రజల పేరు చెప్పుకునే ముఠా ప్రజలను గుత్తగా చంపే ఆయుధాన్ని పట్టుకుంటే ఆ పేరు చెప్పుకునే అర్హత పోతుంది.

అయినా, గురి లేని ఆయుధం ఎంత చిన్నదైనా ఏం చేస్తుందో ఈ అడవులే చూపించాయి. 2024 జూన్‌లో వాజేడు మండలంలో కట్టెల కోసం అడవికి వెళ్ళిన ఒక పేద మనిషి, పోలీసుల కోసం పాతిపెట్టిన ప్రెషర్ బాంబు మీద కాలు వేసి చనిపోయాడు. ఆ బాంబుకు పోలీసు బూటు ఏదో, కట్టెలు ఏరుకునేవాడి చెప్పు ఏదో తెలియదు. 2025 ఏప్రిల్‌లో కర్రెగుట్టల మీద బాంబులు పెట్టామనీ, గిరిజనులు అటు రావద్దనీ మావోయిస్టులు లేఖ విడుదల చేశారు. ఆ గుట్టల్లో ఆకులు, దుంపలు ఏరుకుని బతికేవారు ఎక్కడికి పోవాలి? తమ జనాన్నే తమ ఆయుధం నుంచి కాపాడుకోవడానికి లేఖ రాయవలసి వచ్చింది. ఆ మే నెలలోనే వాజేడు వైపు అడవిలో మందుపాతర పేలుడు, ఎదురుకాల్పుల్లో ముగ్గురు తెలంగాణ పోలీసులు మరణించారు. వారి ఇళ్ళలోనూ తల్లులు, పిల్లలు ఉన్నారు.

అడుగు కింద పెట్టిన చిన్న బాంబే ఇంత అంధురాలైతే, ఊరంతా కమ్ముకునే విషం సంగతి చెప్పేదేముంది?

కొందరు ఎందుకు దూరంగా ఉంటారు?

ప్రపంచంలోని చాలా తీవ్రవాద సంస్థలు ఈ ఆయుధాలను ముట్టుకోలేదు. పరిశీలిస్తే మూడు కారణాలు కనిపిస్తాయి.

ఒకటి, పైన చెప్పినట్లు జనం మీద ఆధారపడటం. సొంత జాతి, సొంత ప్రాంతం కోసం పోరాడుతున్నామనేవారికి ఆ జనం మద్దతు కావాలి, బయట దేశాల సానుభూతి కావాలి. శ్రీలంకలో ఎల్‌టీటీఈ 1990లో కిరణ్ సైనిక శిబిరం మీద క్లోరిన్ వాయువు వదిలింది. గాలి మళ్ళి ఆ వాయువు వారి వైపుకే వచ్చింది. తర్వాత 2009లో అంతమయ్యేదాకా ఎన్నో ఘోరాలు చేసిన ఆ సంస్థ ఆ పద్ధతిని పక్కన పెట్టేసింది.

రెండు, ఇది వారు అనుకున్నంత సులువు కాదు. డబ్బు, చదువు, ప్రయోగశాల అన్నీ ఉన్నవారు కూడా అనేకసార్లు విఫలమయ్యారు. తయారుచేసేవారే రోగాల పాలవుతారు.

మూడు, వారి చెడ్డ ఉద్దేశానికి తుపాకీ, మందుగుండు చాలు. కొత్తదాని కోసం ఎందుకు తంటాలు పడాలన్నది వారి లెక్క.

ఈ మూడింటిలో దైవభీతి అనేది లేదు. ఇది లాభనష్టాల లెక్క మాత్రమే. లెక్క మారిన రోజు నిర్ణయమూ మారవచ్చు. అందుకే ఆ లెక్క మీద మనం భరోసా పెట్టుకోలేము.

మరి కొందరు ఎందుకు వెంపర్లాడతారు?

జపాన్‌లో ఓమ్ షిన్రిక్యో అనే మతశాఖ ఉండేది. షోకో అసహారా దాని గురువు. ప్రపంచం అంతం కాబోతోందనీ, తన శిష్యులు మాత్రమే మిగులుతారనీ అతను బోధించాడు. పాపులను చంపడం వారికి మేలు చేయడమేనని నమ్మించాడు. 1994 జూన్‌లో మత్సుమోతో పట్టణంలో, 1995 మార్చి 20న టోక్యో భూగర్భ రైళ్ళలో అతని శిష్యులు సరిన్ అనే విషవాయువు వదిలారు. టోక్యోలో 13 మంది చనిపోయారు, వేలమంది ఆసుపత్రుల పాలయ్యారు. ఆ రోజు రైలులో విషం వదిలినవారిలో ఇకువో హయాషి ఒకడు. అతను గుండె శస్త్రచికిత్స చేసే వైద్యుడు! గురువు, అతని శిష్యులు కలిపి 13 మందిని 2018 జూలైలో జపాన్ ఉరి తీసింది.

ఆలోచించండి. గుండెకు ప్రాణం పోయడం నేర్చుకున్న చేయి ఊపిరి తీసే పనికి ఎలా పూనుకుంది? చదువు తక్కువై కాదు. ఎదుట కూర్చున్న ప్రయాణికులు అతనికి మనుషులుగా కనిపించడం మానేశారు. 'పాపిష్టి లోకం' అనే ఒక్క ముద్దగా కనిపించారు.

అల్ ఖాయిదా మాటల్లోనూ ఇదే కనిపిస్తుంది. ఇలాంటి ఆయుధాలు సంపాదించడం ధార్మిక విధి అని 1998లో ఉసామా బిన్ లాదెన్ ఒక ఇంటర్వ్యూలో అన్నాడు. 40 లక్షల మంది అమెరికన్లను చంపే హక్కు తమకు ఉందని 2002లో ఆ సంస్థ ప్రతినిధి సులైమాన్ అబూ గైస్ రాశాడు. 2003లో నాసిర్ అల్ ఫహద్ అనే సౌదీ వ్యక్తి ఈ ఆయుధాల వాడకం సమ్మతమేనంటూ ఫత్వా రాశాడు. లక్షల్లో లెక్క వేసేవాడికి మనిషి కనిపించడు, అంకె మాత్రమే కనిపిస్తుంది.

మరి ఆ విషం చివరికి ఎవరి మీద పడింది? 2007లో ఇరాక్‌లోని అన్బార్ ప్రాంతంలో అల్ ఖాయిదా శాఖ క్లోరిన్ నింపిన లారీలను పేల్చింది. రమాదీ, ఫల్లూజా వీధుల్లో దగ్గుతూ పడిపోయింది ముస్లింలే. 2015 ఆగస్టులో సిరియాలోని మారియా పట్టణం మీద ఐసిస్ మస్టర్డ్ రసాయనాన్ని ప్రయోగించినట్లు ఐక్యరాజ్యసమితి విచారణ తేల్చింది. మారియా కూడా ముస్లింల పట్టణమే. 2016 మార్చిలో ఇరాక్‌లోని తాజా అనే ఊరి మీద రసాయనాలు నింపిన రాకెట్లు పడ్డాయి. మూడేళ్ళ పాప ప్రాణం పోయింది. వందలమంది గాయపడ్డారు. ముస్లింల పగ తీరుస్తామన్నవారి విషం ముస్లిం పసిపిల్లల ఊపిరితిత్తుల్లోకే పోయింది.

ఈ దుర్మార్గం ఏ ఒక్క మతానికీ చెందినది కాదని కూడా న్యాయంగా చెప్పుకోవాలి. 1984లో అమెరికాలోని ఆరిగాన్ రాష్ట్రంలో రజనీష్ అనుచరులు కొందరు హోటళ్ళ తిండిలో రోగక్రిములు కలిపితే 751 మంది జబ్బుపడ్డారు. 2001లో అమెరికాలో ఆంథ్రాక్స్ పొడి నింపిన ఉత్తరాల వల్ల అయిదుగురు చనిపోయారు. అది తమ సైనిక ప్రయోగశాలలో పనిచేసిన శాస్త్రవేత్త పనేనని అక్కడి దర్యాప్తు సంస్థ తేల్చింది. ప్రభుత్వాల చేతులూ శుభ్రంగా లేవు. 1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకి, 1988 మార్చి 16న సద్దాం ప్రభుత్వ విషవాయువుకు బలైన కుర్దుల పట్టణం హలబ్జా, అందరికీ తెలిసినవే. మన భోపాల్‌లో 1984 డిసెంబరు 2-3 రాత్రి జరిగింది యుద్ధం కాదు, కర్మాగారంలో ప్రమాదం. అయినా ఊరి మీద విషం కమ్ముకుంటే ఏమవుతుందో మన దేశం మరచిపోలేదు. ఆ రాత్రి చనిపోయినవారిలో హిందువులు, ముస్లింలు పక్కపక్కనే పడి ఉన్నారు.

వారు చూపే దలీళ్ళు, వాటి జవాబు

ఫత్వా రాసినవారు ముఖ్యంగా మూడు వాదాలు చేస్తారు. మన పిల్లలు అడిగేవీ అవే. కనుక ఒక్కొక్కటి చూద్దాం.

మొదటి వాదం ప్రతీకారం. వారు మన పిల్లలను చంపారు గనుక మనమూ అంతే చేయవచ్చని అంటారు. అన్ నహ్ల్ సూరాలోని 126వ ఆయతును చూపుతారు. మీకు కలిగించిన బాధకు సమానంగానే బదులు తీర్చుకోవచ్చనేది ఆ ఆయతు మొదటి భాగం భావం. ఓర్పు వహిస్తే అదే మీకు మేలు అనేది రెండవ భాగం భావం. వారు రెండవ భాగం చదవరు. ఉహుద్‌లో హజ్రత్ హమ్జా (రజి) భౌతికకాయాన్ని శత్రువులు చిందరవందర చేసిన నేపథ్యంలో ఈ ఆయతు అవతరించిందని ఉల్లేఖనాలు ఉన్నాయి. దైవప్రవక్త (స) ఓర్పునే ఎంచుకున్నారు. మక్కా జయించిన నాడు సామాన్య క్షమాభిక్ష ప్రకటించారు. పైగా బదులు తీర్చుకోవలసింది చేసినవాడి మీద. ఒకరి పాపభారాన్ని మరొకరు మోయరని ఖుర్ఆన్ అనేకచోట్ల చెప్పింది (అల్ అన్ఆమ్: 164). ఢిల్లీలోనో, న్యూయార్కులోనో బస్సు ఎక్కిన కూలివాడు ఎవరి పిల్లవాణ్ణి చంపాడని?

దీన్ని ఇంకా స్పష్టం చేసే హదీసు ఒకటి ఉంది. పూర్వ ప్రవక్తలలో ఒకరిని ఒక చీమ కుట్టింది. ఆయన చీమల పుట్టనంతా కాల్పించారు. ఒక్క చీమ కుట్టినందుకు తనను స్తుతించే ఒక సముదాయాన్నే నాశనం చేశావా అని అల్లాహ్ ఆయనను మందలించాడు (బుఖారీ, ముస్లిం). చీమల విషయంలోనే లెక్క ఇలా ఉంటే, మనుషుల విషయంలో ఎలా ఉంటుంది?

రెండవ వాదం రాత్రి దాడి. చీకట్లో శత్రు శిబిరం మీద దాడి జరిగినప్పుడు స్త్రీలు, పిల్లలు కూడా దెబ్బతినవచ్చు కదా అని సహాబాలు అడిగిన హదీసును చూపుతారు. అది హజ్రత్ సఅబ్ బిన్ జస్సామా (రజి) ఉల్లేఖనం. వాస్తవానికి అక్కడ మాట యుద్ధరంగంలోని శిబిరం గురించి, ఉద్దేశం లేకుండా తగిలిన దెబ్బ గురించి. ఆ హదీసు ఉల్లేఖకులలో ఒకరైన ఇమామ్ జుహ్రీ, తర్వాత దైవప్రవక్త (స) స్త్రీలను, పిల్లలను చంపడాన్ని నిషేధించారని కూడా చెప్పారు. అది అబూ దావూద్‌లో ఉంది. ఒక యుద్ధంలో ఒక స్త్రీ మృతదేహం కనిపించినప్పుడు ఆయన (స) దాన్ని తీవ్రంగా నిరసించి, స్త్రీలను, పిల్లలను చంపరాదని వారించారు (బుఖారీ, ముస్లిం). పొరపాటున తగిలినదాన్ని చూపి, తెలిసి తెలిసి ఊరంతా చంపడానికి అనుమతి తీయడం ఏ ఉసూల్?

మూడవ వాదం తతర్రుస్. శత్రువు అమాయకులను డాలుగా పెట్టుకుంటే ఏం చేయాలనే ఫిఖ్‌హ్ చర్చ ఇది. ఇమామ్ గజాలీ (రహ్మలై) 'అల్ ముస్తస్ఫా'లో దీనికి కఠినమైన షరతులు పెట్టారు. వేరే మార్గం లేని అవసరం ఉండాలి. ఫలితం నిశ్చయంగా తెలియాలి. ప్రమాదం ముస్లిం సమాజమంతటికీ ఉండాలి. ఈ షరతులు లేనిచోట అనుమతి లేదని చెబుతూ ఆయన ఓడ ఉదాహరణ ఇచ్చారు. మునిగిపోతున్న ఓడలో మిగతావారిని కాపాడటం కోసం ఒక్క మనిషిని నీటిలోకి తోసేయడం కూడా ధర్మసమ్మతం కాదన్నారు. ఒక్కణ్ణి! మరి వీరు లక్షల మందిని తోసేయమంటున్నారు.

ఫిఖ్‌హ్ గ్రంథాల్లో కోట ముట్టడి సమయంలో మంజనీఖ్‌తో రాళ్ళు విసరడం, నీరు వదలడం వంటి చర్చలున్నాయి. ఇది దాచవలసిన సంగతి కాదు. కానీ అవి పాలకుడి ఆధ్వర్యంలో, ప్రకటించిన యుద్ధంలో, సైన్యం ఉన్న కోట గురించిన చర్చలు. గదిలో కూర్చున్న యువకుడికి, అజ్ఞాత ముఠాకు ఆ అధికారం ఏ ఇమామూ ఇవ్వలేదు. విషం విషయంలోనైతే, మాలికీ ఫిఖ్‌హ్‌లో ప్రామాణికమైన 'ముఖ్తసర్ ఖలీల్'లో విషం పూసిన బాణాలను కూడా హరామ్ అన్నారు. సిరియా వైపు వెళ్తున్న సైన్యానికి హజ్రత్ అబూబక్ర్ (రజి) ఇచ్చిన ఆదేశాలు మువత్తాలో ఉన్నాయి. స్త్రీలను, పిల్లలను, వృద్ధులను చంపరాదనీ, పండ్ల చెట్లు నరకరాదనీ, తినడానికి తప్ప గొర్రెను, ఒంటెను కోయరాదనీ, జనావాసాలను పాడుచేయరాదనీ ఆయన చెప్పారు. మేకకు కూడా రక్షణ ఉన్న యుద్ధనీతి అది. ఊరి గాలిని, నీటిని విషం చేసే ఆయుధానికి అందులో చోటు ఎక్కడ?

అల్ బఖరా సూరా 204, 205 ఆయతులు ఒక రకం మనిషిని వర్ణించాయి. మాటలు తీయగా ఉంటాయి, కానీ భూమి మీద కల్లోలం రేపడానికి, పంటలను, సంతతిని నాశనం చేయడానికి పరుగులు తీస్తాడు. అల్లాహ్ కల్లోలాన్ని ఇష్టపడడు. పంటలు, సంతతి, రెండింటినీ కలిపి తుడిచిపెట్టే ఆయుధాల కాలంలో ఈ ఆయతులను మళ్ళీ చదవండి.

కొండల దూత, హుదైబియా పాఠం

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. దైవప్రవక్త (స) చేతికే ఒకసారి సామూహిక వినాశం అందింది. ఉహుద్ కంటే కఠినమైన రోజు మీకు ఎదురైందా అని హజ్రత్ ఆయిషా (రజి) అడిగినప్పుడు ఆయన (స) స్వయంగా ఈ సంఘటన చెప్పారు. సందేశం అందించబోతే అవమానమే మిగిలింది. దుఃఖంతో తల వంచుకుని నడుస్తూ ఖర్నుస్ సఆలిబ్ అనేచోటికి వచ్చాక గాని ఆయనకు స్పృహ కలగలేదు. అప్పుడు జిబ్రీల్ (అలై) తోపాటు కొండల దూత వచ్చి సలాం చేశాడు. ఆజ్ఞాపిస్తే రెండు కొండలనూ వారి మీద పడవేస్తానన్నాడు. ఆయన (స) ఒప్పుకోలేదు. వారి సంతతిలో నుంచి అల్లాహ్‌ను మాత్రమే ఆరాధించేవారు పుడతారని ఆశిస్తున్నానన్నారు (బుఖారీ, ముస్లిం).

గమనించారా? అక్కడ హింసించినవారు నిజంగా దోషులే. ఆయుధం అల్లాహ్ పంపిన దూత చేతిలోనే ఉంది. ఏ ఫత్వా అవసరమూ లేదు. అయినా ఆయన (స) ఇంకా పుట్టని పిల్లల వైపు చూశారు. ఆ ఆశ నిజమైంది. ఇస్లాంకు బద్ధశత్రువైన అబూ జహల్ కొడుకు ఇక్రిమా (రజి), వలీద్ బిన్ ముగీరా కొడుకు ఖాలిద్ (రజి) విశ్వాసులై నిలబడ్డారు. ఆ రోజు కొండలు కూలి ఉంటే వీరు ఎక్కడ ఉండేవారు?

రెండవ పాఠం హుదైబియాది. హిజ్రీ 6లో మక్కా వాకిట దాకా వచ్చిన విశ్వాసులను అల్లాహ్ యుద్ధం జరగకుండా ఆపాడు. దానికి కారణం అల్ ఫత్హ్ సూరా 25వ ఆయతులో ఉంది. మక్కాలో మీకు తెలియని విశ్వాసులైన పురుషులు, స్త్రీలు ఉన్నారు, తెలియక మీరు వారిని తొక్కివేసేవారు, ఆ పాపం మీకు చుట్టుకునేది అనేది దాని భావం. వారు వేరుపడి ఉంటే సంగతి వేరేగా ఉండేదని కూడా అల్లాహ్ చెప్పాడు. 'మీకు తెలియని' అనే మాట మీద ఆగండి. శత్రువుల ఊరిలో తెలియని కొద్దిమంది కోసం, సాక్షాత్తూ దైవప్రవక్త (స) నడిపిన సైన్యమే ఆగింది. తానెవరిని చంపుతున్నాడో తెలియనివాడికి ముందుకు పోయే అనుమతి లేదన్నది ఇందులోని నీతి. ఈ ఒక్క ఆయతు ముందు ఆ ఫత్వాలన్నీ నిలవవు.

మన పరిస్థితిలో మరొక సంగతి కూడా ఉంది. మనం ఈ దేశంలో రాజ్యాంగం అనే ఒడంబడిక కింద, ఇరుగుపొరుగు నమ్మకం మీద బతుకుతున్నాం. ఒడంబడికలో ఉన్న ముస్లిమేతరుణ్ణి చంపినవాడు స్వర్గపు పరిమళాన్ని కూడా ఆఘ్రాణించలేడని దైవప్రవక్త (స) హెచ్చరించారు (బుఖారీ). ఉగ్రవాదం ఇస్లాంకు విరుద్ధమని దేవబంద్ దారుల్ ఉలూమ్ 2008లో ప్రకటించింది. అదే సంవత్సరం నవంబరులో మన హైదరాబాదులో జరిగిన జమీయతె ఉలమాయె హింద్ మహాసభలో దాదాపు 6,000 మంది ఉలమాలు ఆ ఫత్వాను బలపరిచారు. ఈ సంగతి ఎన్ని ఇళ్ళలో పిల్లలకు చెప్పాం?

మన ఇళ్ళలో ఏం చేయాలి?

పిల్లవాడు గడ్డం పెంచితేనో, తహజ్జుద్‌కు లేస్తేనో భయపడకండి. అది అల్లాహ్ అనుగ్రహం. కానీ ఈ కింది మార్పులను తేలికగా తీసుకోకండి.

మొదటిది, మాటల్లో మనుషులు ముద్దగా మారడం. 'అబ్బా, వాళ్ళందరూ అంతే' అని కొడుకు అన్నప్పుడు, 'అందరూ అంటే ఎవరు బేటా? మన పక్కింటి టీచరమ్మా? నీ చిన్నప్పుడు రక్తమిచ్చిన మనిషా?' అని అక్కడే అడగండి. పేరు పెట్టి అడగండి. ముద్దను విడదీసి మనిషిని చూపించండి. తిట్టి నోరు మూయించకండి. మూసుకున్న నోరు ఫోనులో తెరుచుకుంటుంది. అక్కడ వినేవాడు ఎవరో మీకు తెలియదు.

రెండవది, ఊళ్ళోని ఇమాములు, ఉలమాలందరూ అమ్ముడుపోయారనీ, నిజమైన దీన్ ఒక అజ్ఞాత వ్యక్తి దగ్గరే ఉందనీ అనడం. ముఖం చూపనివాడు, పేరు చెప్పనివాడు, ఇంట్లో చెప్పవద్దనేవాడు ఆలిమ్ కాడు. ఇల్మ్‌కు సనద్ ఉంటుంది, గురువు పేరు ఉంటుంది.

మూడవది, ప్రళయం వచ్చేసిందనీ, దాన్ని మనమే త్వరపెట్టాలనీ అనుకోవడం. ప్రళయ ఘడియ జ్ఞానం అల్లాహ్ దగ్గరే ఉంది. చేతిలో మొక్క ఉండగా ప్రళయం వచ్చినా, వీలైతే ఆ మొక్కను నాటమని దైవప్రవక్త (స) బోధించారు (ముస్నద్ అహ్మద్). నాటమన్న ధర్మంలో ఉండి నాశనం కోసం తొందరపడటం ఎక్కడి న్యాయం?

పాలస్తీనా, ఇరాక్, మన దేశంలోని అన్యాయాలను చూసి పిల్లవాడికి కోపం వస్తే ఆ కోపాన్ని తప్పు పట్టకండి. అన్యాయం చూసి బాధపడని హృదయంలో ఈమాన్ బలహీనంగా ఉన్నట్లే. ఆ కోపానికి దారి చూపండి. వైద్యం చదివినవాడు పేదల వార్డులో నిలబడవచ్చు. లా చదివినవాడు నిర్దోషుల పక్షాన వాదించవచ్చు. ఒక జాతి మీది ద్వేషం మిమ్మల్ని న్యాయం తప్పేలా చేయరాదన్నది ఖుర్ఆన్ ఆదేశం (అల్ మాయిదా: 8).

అయినా ఒకవేళ మాట దాటి, ఎవరికైనా హాని చేసే పనికి పూనుకుంటున్నాడని రూఢిగా తెలిస్తే దాచడం పుణ్యం కాదు. మీ సోదరుడు దౌర్జన్యపరుడైనా, పీడితుడైనా సహాయం చేయమని దైవప్రవక్త (స) అన్నప్పుడు, దౌర్జన్యపరుడికి సహాయం ఎలా అని సహాబాలు అడిగారు. అతని చేయి పట్టుకుని ఆపడమే అతనికి సహాయం అన్నారు (బుఖారీ). ముందు పెద్దలను, నమ్మకమైన ఆలిమ్‌ను, ఒక న్యాయవాదిని వెంటబెట్టుకుని చట్టం తలుపు తట్టండి. అది కొడుకుకు ద్రోహం కాదు. అతని ఇహపరాలను కాపాడటం.

ఈ ఊళ్ళో గోదావరి నీళ్ళు అందరూ తాగుతారు. సంతలో బియ్యం అందరూ కొంటారు. మేడారం జాతరకు వచ్చే లక్షలాది జనం పీల్చే గాలీ, మన ఈద్‌గాహ్ మీద వీచే గాలీ ఒక్కటే. ఒక్క ప్రాణాన్ని అన్యాయంగా తీయడం సకల మానవాళిని చంపడంతో సమానమనీ, ఒక్క ప్రాణాన్ని నిలబెట్టడం సకల మానవాళిని నిలబెట్టడంతో సమానమనీ అల్లాహ్ ప్రకటించాడు (అల్ మాయిదా: 32). ఈ వారం మీ పిల్లలతో కూర్చుని కొండల దూత హదీసు ఒక్కటి చదవండి. చదివాక, వారు ఏమంటారో ఓపికగా వినండి.

అల్లాహ్ మన పిల్లల చదువును ప్రజలకు మేలు చేసేదిగా మలచుగాక! వారి కోపానికి న్యాయం దారి చూపుగాక! మన ఊళ్ళను, మన పొరుగువారిని, మన సంతతిని ప్రతి కీడు నుంచీ కాపాడుగాక! ఆమీన్.